బంగారు అంచు మీద పసుపు బొట్టు

2007, శ్రావణ శుక్రవారం, టేకులపల్లి

పెళ్లి వీడియోల మిక్సింగ్ కోసం ఖమ్మం నుంచి కొత్త గ్రాఫిక్స్ కార్డు తెచ్చాను. మార్కెట్లోకి వచ్చిన వారంలోనే కొన్నాను. ఆ ధరకు మామూలు కంప్యూటర్లు రెండు వచ్చేవి. అమ్మినాయనే చెప్పాడు: "అన్నా, ఆర్నెల్లు ఆగు, సగానికొస్తది." పెళ్లిళ్లు ఆగుతాయా అనుకున్నాను. ఇప్పుడు ఆయన మాటే చెవిలో మోగుతోంది.

స్నానం చేసి వచ్చేసరికి అమ్మ కార్డుకు పూజ చేసేసింది. తడి పసుపు బొట్లు సరిగ్గా కంప్యూటర్‌లో గుచ్చే అంచు మీదే పెట్టింది.

"అక్కడెందుకు పెట్టినవే అమ్మా?"

"గక్కడ్నే బంగారం లెక్క మెరుస్తుంది గదరా. గదే దాని మొఖం అనుకున్న."

తడి తగిలితే వారంటీ లేదన్నాడు అమ్మినాయన. దూదితో తుడిచి, ఫ్యాన్ కింద ఆరబెట్టి బిగించాను. అయినా అంచు సందుల్లో కొంత పసుపు మిగిలే ఉంది. కాలిపోతే? కాలకపోయినా, ఇంత ధరకు తగ్గ పని చేయకపోతే? స్విచ్ మీద వేలు పెట్టి తీసేశాను. మళ్లీ పెట్టాను.

"ఎందుకురా ఆన్ చేస్తలేవు?"

"మంచిరోజు చూసి చేస్తనే."

అమ్మ తెల్లబోయింది.

"ఇయ్యాలే గదరా మంచిరోజు. చూసే గద బొట్టు పెట్టిన."