రెల్లుకొంగకు రెండో సాక్షి

ఫిబ్రవరి 16, ఆదివారం మధ్యాహ్నం

చిరంజీవి అమ్మడికి,

నాన్న ఆశీస్సులు. అల్లుడిగారిని అడిగానని చెప్పు. పాపకు పళ్లు వచ్చేటప్పటి జ్వరం తగ్గిందని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను. వంట ఒక దారికొచ్చింది. ఉప్పు ఒక్కటే ఇంకా మాట వినడం లేదు.

పోయిన నెలలో నువ్వు కోపంగా ఫోను పెట్టేశావు. పోయిన మనిషికి ఆ మాత్రం కూడా చేయలేవా నాన్నా అన్నావు. ఫోనులో నాకు మాటలు రావు, నీకు తెలుసు. అందుకే రాస్తున్నాను.

మీ అమ్మ పక్షుల సంఘం సంగతి నీకు సగమే తెలుసు. ప్రతి ఆదివారం పొద్దున్నే నీళ్ల ట్యాంకుల వెనక ఉన్న మడుగు దగ్గర కలుస్తారు. గట్టు చుట్టూ నడుస్తూ కనిపించిన పక్షులన్నీ లెక్కపెడతారు. తర్వాత పళ్ల డాక్టరుగారి క్లినిక్ వరండాలో టీ. ఆ మడుగులో ఎప్పుడూ లేని పక్షిని చూశామని ఎవరైనా అంటే, డాక్టరుగారు టీ గ్లాసు కింద పెట్టి, ఇంకెవరు చూశారు అని అడుగుతారు. ఇంకొకరు చేయెత్తితేనే అది లెక్కలోకి వస్తుంది. ఈ పద్ధతి పెట్టింది మీ అమ్మే, వాళ్ల టీచరమ్మ. ఒకసారి సంఘంలోని టైలరు ఒంటరిగా ఏదో డేగను చూసొచ్చి, సాక్షి దొరక్క నెల్లాళ్లు అలిగాడు. సూదిలో దారం ఎక్కించే కళ్లండీ ఇవి, వీటినే నమ్మరా అన్నాడట. కళ్లను నమ్ముతాం, ముచ్చటపడి చూసినదాన్ని నమ్మం అందట అమ్మ.

నేను వాళ్లతో కలిసింది నిరుడు, ఆమె చివరి చలికాలంలోనే. ముప్పై ఏళ్లు ఆ ట్యాంకుల ల్యాబులో నీళ్లు పరీక్ష చేసి, గట్టు అవతల ఏముందో చూడని మనిషిని. నాకు తెలిసినవి కాకి, పిచ్చుక, ఇతరములు. అమ్మ చేయి పట్టుకుని గట్టు మీద నడిపించడమే నా పని. టైలరు ఊరుకుంటాడా. పెళ్లయిన కొత్తలో మొహమాటపడ్డట్టున్నారు సార్, ఇప్పుడు ధైర్యం వచ్చిందా అన్నాడు. ధైర్యం కాదయ్యా, మోకాళ్ల నొప్పి అని అమ్మ అందరినీ నవ్వించింది.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం టీ దగ్గర అమ్మ రెల్లుకొంగ పేరు చెప్పింది. గోధుమరంగు చారల కొంగ. అలికిడైతే ఎగరదు. ముక్కు ఆకాశం వైపు ఎత్తి నిలబడిపోతుంది. రెల్లు ఊగితే తనూ ఊగుతుంది. ఎదురుగా ఉన్నా గడ్డే అనుకుంటాం. డాక్టరుగారు ఎప్పటిలాగే, ఇంకెవరు చూశారు అన్నారు. అందరూ నావైపు తిరిగారు. నేను టీ తాగుతూ ఉండిపోయాను. పక్కన పెట్టండి, అదెక్కడికి పోతుంది, మళ్లీ కనపడుతుంది అని అమ్మే అంది. వేసవి రాకముందే తను పోయింది. ఆ పేరు పక్కనే ఉండిపోయింది.

ఈ జనవరిలో మున్సిపాలిటీ ఇంజినీరు వచ్చాడు. మడుగు చుట్టూ నడకబాట వేస్తారట. రెల్లంతా కొట్టేస్తారట. మనిషి మంచివాడే. రెల్లు లేకపోతే బతకని పక్షి ఒక్కటైనా మీ లెక్కలో ఉంటే చూపించండి, బాటను రోడ్డువైపు జరుపుతాను, ఫిబ్రవరి దాటనివ్వకండి అన్నాడు. అలాంటిది అమ్మ చెప్పిన రెల్లుకొంగ ఒక్కటే.

వరండాలో అందరి ముందూ డాక్టరుగారు నన్ను అడిగారు. ఆ రోజు ఆవిడ పక్కన ఉన్నది మీరే కదా సార్, ఒక్కసారి గుర్తుచేసుకోండి అన్నారు. టైలరు, గుర్తు రాకపోయినా చేయెత్తండి సార్, భుజమేం అరిగిపోదు అన్నాడు. నేను ఎత్తలేదు. సాక్ష్యం చెప్పలేను అన్నాను. గ్లాసులు కడిగే పని ఆ రోజు అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఆ సాయంత్రమే టైలరు నీకు ఫోను చేశాడు, టీచరమ్మ మాటను సారే నిలబెట్టలేదని. నువ్వు నాకు చేశావు.

రెల్లు పోతే నాకేం పట్టదనుకోకు. మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే వెళ్లాను. సంఘంలో బస్సు కండక్టరమ్మాయి ఒకామె ఉంది, డ్యూటీ మధ్యాహ్నానికి మార్పించుకుని తోడు వచ్చింది. టికెట్టు తీసుకోకుండా సీటు కింద నక్కినవాళ్లనే పట్టుకుంటాను బాబాయిగారూ, కొంగ ఒక లెక్కా అంటూ బయల్దేరింది. అది దొరకలేదు. మేమే దోమలకు దొరికాం.

మొన్న గురువారం కనపడింది. నేను చూపించాను. ఎక్కడ బాబాయిగారూ అంటుంది. అదిగో అంటాను. అది గడ్డి బాబాయిగారూ అంటుంది. ఆ గడ్డికి ముక్కుంది చూడు అన్నాను. అప్పుడు నా మోచేయి పైన ఎంత గట్టిగా గిచ్చిందంటే ఇంకా అక్కడ కమిలే ఉంది. దీన్ని ఇదివరకే ఎరిగున్నట్టు పట్టేశారే అంది. ఏదో తగిలింది అన్నాను.

ఈ రోజు టీ దగ్గర ఆ అమ్మాయి రెల్లుకొంగ పేరు చెప్పింది, నేను చేయెత్తాను. డాక్టరుగారు అక్కడి నుంచే ఇంజినీరుతో మాట్లాడారు. బాట రోడ్డువైపు పోతుంది. రెల్లు ఉంటుంది. టీచరమ్మ చెప్పింది నిజమని తేలిందిగా, మొదట చూసింది ఆవిడేనని రాయండి అన్నాడు టైలరు. నేను వద్దన్నాను. వాడు నావైపు చూసిన చూపు నీకు ఈపాటికి ఫోనులో చేరే ఉంటుంది. నువ్వూ మళ్లీ కోప్పడే ఉంటావు.

పాపను ఎండలో తిప్పకు. వీలు చూసుకుని ఒకసారి రా.

ఇట్లు,
నాన్న

తా.క. కవరు అంటించబోయి ఆగాను. నీకైనా తెలియాలి.

ఆ చలికాలానికే అమ్మకు చూపు పోయింది. జబ్బు ముందు కళ్ల మీదికి వచ్చింది. నీకు చెప్పొద్దంది, చంటిదాన్ని వదిలి పరిగెత్తుకొస్తావని. సంఘానికి చెప్పొద్దంది, కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇస్తారే గానీ గట్టెక్కనివ్వరని. నేను మాటిచ్చాను. కూతలు విని తనే పోల్చుకునేది. కూయనివాటిని నేను చూసి చెవిలో చెబితే పేరు పెట్టేది.

ఆ ఆదివారం, రెల్లులో విరిగిన కర్ర ఒకటి మనవైపే చూస్తోంది అన్నాను. ఊగుతోందా అని అడిగింది. ఊగుతోంది అన్నాను. కదలకండి అని నా చేయి బిగించి పట్టుకుంది. చాలాసేపు అలాగే నిలబడిపోయాం.

చూసింది నేను, అదేమిటో నాకు తెలియదు. అదేమిటో తెలిసింది తనకు, తను చూడలేదు. ఇద్దరినీ కలిపితే ఒక్క సాక్షి. పద్ధతి ఇద్దరిని అడుగుతుంది.