ముందుగాల నల్లా ముట్టాలె

లాల్‌దర్వాజా

తమ్ముడు జంగయ్యకు అక్క దీవించి రాసేది.

నీ పాణం మంచిగున్నదా? మరదలి మోకాళ్ల నొప్పులు తగ్గినయా? నీ బిడ్డ సత్తెమ్మ వేళకు తింటున్నదా? అల్లుడు యాదగిరి చేతులు రెండూ మంచిగున్నయా? ఎందుకడుగుతున్ననంటే, ఇక్కడ నా కోడలు రాజమణి కుడిచెయ్యి పైకి లేస్తలేదు.

ఎండలకు తాళలేక కూలరు కొన్నమంటే, మా అల్లుడు కరెంటు పని లైసెన్సున్నోడు, వాడే బిగిస్తడని నువ్వే పంపితివి. వాడు భూమిల దింపాల్సిన కూలరు ఎర్తింగు వైరు తెచ్చి వాకిట్ల నల్లాకు చుట్టిండు. "ఇదేంది బిడ్డా, నీళ్లు పట్టుకునే నల్లా కదా" అన్న. "అత్తమ్మా, నీకు అన్నిటికీ ఫికరే" అని నవ్విండు. కూలరు నడుస్తుంటే రాజమణి నీళ్లకు పోయి నల్లా ముట్టింది. కరెంటు కొట్టి బిందెతో సహా ఎగిరి పడ్డది.

కరెంటాఫీసాయన వచ్చి చూసి, కూలరు నడపొద్దన్నడు. "లైసెన్సున్నోడు గిట్ల చెయ్యడు, ఎవడు బిగించిండో పేరు చెప్పు" అన్నడు. సత్తెమ్మ మొఖం యాదికొచ్చి, తెల్వదని అబద్ధమాడిన. ఆ లైసెన్సు నువ్వు కండ్లతోని చూసినవా తమ్మీ?

ఇప్పుడు యాదగిరి బార్కస్ బస్తీల పిల్లలున్న ఇంట్ల కూలరు బిగించనీకి ఒప్పుకున్నడట. అది విన్నకాడినుంచి నాకు ముద్ద దిగుతలేదు.

అల్లుణ్ని తీసుకొని రా. చాపల కూర వండుత. గాని ముందుగాల కూలరు ఆన్ జేస్త, వాడు ఉత్తకాళ్లతోని నల్లా ముట్టాలె. భయమైతే, బార్కస్ పని ముట్టనని నా ముంగట ఒట్టెయ్యాలె. రెండూ చెయ్యకుంటే తెల్లారే కరెంటాఫీసుకు పోయి పేరు చెప్పొస్త, సత్తెమ్మ ఏడ్చినా సరే.

వచ్చే ఆదివారమే మృగశిర కార్తె, చాపలు తినే రోజు. ఆనాడే రాండ్రి.