చందమామకు కట్టిన గుడి

అక్కా,

నేను కులాసా. కన్ను కూడా కులాసాగానే ఉంది, బెంగ పెట్టుకోకు.

మొన్న చీకటి పడ్డాక స్టూడియో మేడెక్కితే చందమామ చుట్టూ ఇంత పెద్ద వెలుగు ఉంగరం, వరదగుడి కట్టి ఉంది. ఆపరేషన్‌కు ముందు నాకు ప్రతి దీపం చుట్టూ అలాంటి గుడే కనిపించేది కదా, మళ్ళీ మొదలైందేమో అనుకున్నాను. నా కన్నును నమ్మలేక ఫోటో తీశాను. కెమెరాకూ కనిపిస్తే నిజంగా ఉన్నట్టే కదా! తీరా ప్రింటు చేతికొస్తే అందులో ఉత్త చందమామ. గుడి జాడే లేదు. ఆ పూట అన్నం సయించలేదు.

ఇంతలో మా టచింగ్ మామ వచ్చాడు. ఫోటోల్లో జనం మొహాల మీది మచ్చలు చెరిపేది ఆయనే. "మీ చీకటిగది వాళ్ళకి ఫోటోలు కడగడం రాదురా. చందమామ చుట్టూ అంత నీళ్ళ మరకేంటి? అది కనపడకుండా రంగు పూసేసరికి నా నడుం పడిపోయింది" అన్నాడు. తిట్లు తింటూనే ఆయన్ని కావలించుకున్నాను.

నా నీలం స్వెట్టరు అక్కడే ఉండిపోయింది. నువ్వొచ్చేటప్పుడు తీసుకురా. అవును, నువ్వు రావాలి. కుట్టుమిషను ముందు కూర్చుంటే బల్బు చుట్టూ రంగుల ఉంగరం కనిపిస్తోందని, చూడ్డానికి బాగుందని కూడా రాశావు. చందమామకైతే గుడి కడుతుంది గానీ బల్బుకు కట్టదక్కా. మా కంటి డాక్టరమ్మతో చెప్పి ఉంచాను. బావకు నమస్కారాలు, చంటిదానికి ముద్దులు. కుట్టాల్సిన జాకెట్లు ఎన్నున్నా సరే, ఆదివారం బస్సెక్కు.

నీ తమ్ముడు