వెనక్కి నడిచేవాడు

బావా,

ఫోను చేస్తే ఎత్తవు. అందుకే ఈ కాగితం చెల్లెమ్మ చేతికిచ్చి పోతున్నా. నిన్న కూరగాయల కొట్టు దగ్గర నన్ను చూసి గబుక్కున రోడ్డు దాటేశావు. పైగా ఫోను మాట్లాడుతున్నట్టు నటన. తలకిందులుగా పట్టుకున్నావు, ముందు అది సరిచేసుకో.

అద్దాల కార్ఖానాలో ఆర్డర్లు తగ్గాయి, జోడీకి ఒకణ్ణి తీసేశారు. మన జోడీలో నేను పోయాను, నువ్వు మిగిలావు. దానికి నీమీద కోపమేం లేదు. మొదట్లో పొద్దున్నే గడ్డం గీసుకుని, ఎక్కడికెళ్లాలో తెలీక గుమ్మంలో నిలబడేవాణ్ణి. మీ అక్క "నిలబడింది చాలు, వచ్చి ఉల్లిపాయలు కొయ్యండి" అంది. ఇప్పుడు వంట సగం నాదే. ఆవిడ కుట్టుపని పెంచింది. పిల్లదానికి స్కూలు బస్సు మాన్పించి నేనే నడిపించుకెళ్తున్నా. ఎలాగో నెట్టుకొస్తున్నాం. నువ్వు మొహం చాటేయడమే మింగుడుపడటం లేదు.

ఇన్నేళ్లు పెద్ద అద్దానికి ఆ చివర నువ్వు, ఈ చివర నేను. వెనక్కి నడిచేది నువ్వు. "మెట్టుంది, ఎడమకి" అని చూసి చెప్పేది నేను. మొన్న మీ అక్కా నేనూ మంచం జరుపుతుంటే అలవాటుగా "మెట్టుంది" అని అరిచాను. గదిలో మెట్టెక్కడిదని ఆవిడ నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

అసలు సంగతి. సెలూన్ ఆయన గోడంత అద్దం బిగించమన్నాడు. బాగా కుదిరితే కొత్తగా తెరిచే షాపుల పని కూడా నాకే ఇస్తాడట. "చేసేస్తాం" అనేశాను. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, ఉన్నది నేనొక్కణ్ణే. ఆదివారం వస్తావా?

నీ జోడీ

*

బావా,

నీ కాగితం మా ఆవిడ ఇచ్చింది. రోడ్డు దాటింది సిగ్గుతో. నిన్ను తీసేసిన రోజు సూపర్‌వైజర్ నన్ను లోపలికి పిలిచి, మీ ఇద్దరిలో ఎవరు లేకపోతే పని ఆగుతుందని అడిగాడు. నువ్వని చెప్పాల్సింది. "నేనే" అన్నాను. బయటికొస్తే నువ్వు నాకోసం తినకుండా కూర్చున్నావు. ఆ మాట దాచి, నీ పక్కనే కూర్చుని తిన్నాను.

ఇంకో జోడీలో మిగిలినవాణ్ణి నాకు కలిపారు, వాడు అద్దంలో తన మొహం చూసుకుంటాడు గానీ నా వెనకేముందో చెప్పడు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నడుస్తున్నా. తగిన శాస్తే. ఇది చదివాక కూడా ఆ చివర నేనే కావాలా, ఆలోచించుకో. వద్దంటే వేరే మనిషిని మాట్లాడి పంపిస్తాను.

నీ బావమరిది

*

బావా,

చదివాక కడుపు మండింది. కాగితం నలిపి పారేస్తే మీ అక్క తీసి చదివింది. "ఆ గదిలోకి మిమ్మల్ని పిలిచుంటే ఏమనేవారు?" అంది. నేనూ "నేనే" అనేవాణ్ణేమో, తెలీదు. అలాగని కోపం పోయిందనుకోకు. పనయ్యాక తీరిగ్గా తిడతాను.

వేరే మనిషి వద్దు, నువ్వే రా. ఆ సెలూన్‌లోకి మెట్లు దిగాలి, ద్వారం ఇరుకు. ఈసారి వెనక్కి నడిచేది నేను. చూసి చెప్పేది నువ్వు.

మెట్టొస్తే ముందే చెప్పు.

నీ జోడీ