సేటు పెట్టెలో గొలుసు

మద్రాసు, 12-6-54

వదినకు శేషాచలం నమస్కారాలు. ఒంట్లో బాగానే ఉంది, నిన్నటి గుండెదడే ఇంకా తగ్గలేదు.

నువ్విచ్చిన గాజులు కుదువ పెట్టి కాలేజీ ఫీజు తెద్దామని నిన్న సౌకార్‌పేటలో ఒక సేటు కొట్టుకు వెళ్లాను. రసీదు రాసే గుమాస్తా భాష్యం మన తెలుగువాడే. డబ్బెందుకని అడిగితే, పాలిటిక్సు ఆనర్సులో చేరడానికని ఛాతీ విరుచుకొని చెప్పాను. ఆయన కలం పక్కన పెట్టేశాడు.

"నేనూ ఆ చదువే చదివినా తమ్ముడూ, ఫస్టు క్లాసులో. ఫీజుకు మా అమ్మ గొలుసు ఈడనే పెట్టినా. ఉద్యోగం యాడా దొరక్క ఈ సేటు దగ్గరే చేరినా. అరవై రూపాయల జీతంలో వడ్డీ, ఇంటద్దె పోతే ఏం మిగులుతుంది? ఆరేండ్లాయె. పొద్దున ఇనప్పెట్టె తెరిచేది నేనే. దినామూ ఆ గొలుసు కనపడతానే ఉంటాది" అన్నాడు.

మొదటి జీతంతో విడిపిస్తానని వాళ్లమ్మకు మాటిచ్చాడట. నేను నీకిచ్చిన మాటా అదే కదా! గాజులు మళ్లీ గుడ్డలో చుట్టుకొని వచ్చేశాను.

ఆ చదువు మీద ఆశ చావలేదు. స్కాలర్‌షిప్పు వస్తే చేరతాను, రాకపోతే టైపు నేర్చుకొని ఏదైనా ఆఫీసు చూసుకుంటాను. అన్నయ్య ఆదాయం సర్టిఫికెట్టు తాసిల్దారు సంతకంతో వెంటనే పంపించు. పాపకు కోరింతదగ్గు తగ్గిందా? వానలు పడకముందే వంటింటి కప్పు నేయించండి. అన్నయ్యకు దండాలు, పాపకు ముద్దులు.

ఆదివారం ఊరికి వస్తున్న పెద్దమామ చేతికి గాజులిచ్చి పంపుతున్నాను. అందగానే వేసుకో. రోజూ పొద్దున వాటిని సేటు పెట్టెలో చూసుకొనే ఉద్యోగం నాకొద్దు వదినా.