పైగట్టు తూము

పాలకొల్లు దగ్గర చినమెరక గ్రామ కాపురస్తురాలు, కీర్తిశేషులు ముదునూరి వెంకటపతిరాజు గారి భార్య సుబ్బాయమ్మ రాయించిన వీలునామా. నాకు మోకాళ్లు పోయాయి గానీ తెలివి పోలేదు. ఎవరి ఒత్తిడీ లేకుండా, మొత్తం చదివించుకుని విని సంతకం పెడుతున్నాను. నాకు సంతానం లేదు.

1. నా ఎకరన్నర వరి చేను నా తదనంతరం సర్వహక్కులతో నా కౌలురైతు డేనియల్‌కి చెందాలి. నీళ్లు ఆగిపోయాక కూడా మురుగు కాలువలో ఇంజను పెట్టి తోడి చేను ఎండనివ్వలేదు. అందులో ప్లాట్లు వేయరాదు, చేపల చెరువు తవ్వరాదు.

2. నీళ్లు ఎందుకు ఆగాయో కూడా రాయాలి. పై చేను నా మరిది రామరాజుది. కాలువ నీళ్లు అతని చేలోని బోదె, అంటే పిల్లకాలువ గుండా నా పైగట్టు తూముకి వచ్చేవి. కింది చేను వాళ్లు పార పట్టుకుని వెళ్లి, పై చేను వాళ్లని అడిగి తూము తెరుచుకోవడం మా ఆనవాయితీ. ఈ బోదె సంగతి రాసుకుందామని అడిగితే, "మనలో మనకి కాగితాలేంటి వదినగారూ!" అన్నాడు. నమ్మాను. రియల్ ఎస్టేటు వాళ్లకి సెంటు భూమి కూడా ఇవ్వకూడదని సొసైటీ మీటింగులో ఊరందరి చేతా ఒట్టు వేయించింది అతనే. కోతలయ్యేలోపు తన చేను లేఅవుట్‌కి ఇచ్చి, బోదె మీద గ్రావెల్ పోయించాడు. నేను కాపురానికి వచ్చేనాటికి నిక్కర్ల పిల్లాడు, నా చేత్తో అన్నం కలిపి పెట్టాను. పరాయివాడు చేసి ఉంటే నాకింత కడుపుమంట ఉండేది కాదు.

3. నా కాసులపేరు అతని కూతురు కీర్తిప్రియకి. గ్రావెల్ లారీకి అడ్డం నిలబడి, "దొడ్డమ్మ చేనుకి నీళ్లెలా వెళ్తాయి నాన్నా?" అని అడిగింది తనొక్కతే. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా ఆమెకే అప్పగిస్తున్నాను. మెడలో వేసుకోవాలి తల్లీ, లాకరులో పెట్టకు.

4. రామరాజుకి నా భర్త పార. ఆ లేఅవుట్‌లో కట్టుకున్న అతని మేడ ముందు వాననీళ్లు పోవడానికి ఇప్పుడు నా పైగట్టు తూము తప్ప వేరే దారి లేదు. డేనియల్ దాన్ని పూడ్చేస్తానంటే నేనే వద్దన్నాను. నీళ్లు ఆపినవాడు మా ఇంట్లో ఒకడు చాలు. తూము పూడ్చరాదు. వేసవిలో మాత్రం పలక వేసి మూసి ఉంచాలి. ప్రతి ఏడాదీ తొలకరికి రామరాజు ఆ పార పట్టుకుని తానే గట్టు మీదికి వచ్చి, "డేనియల్ గారూ" అని పిలిచి, అడిగి తెరుచుకోవాలి.

ఈసారి మాట మీద వదలకుండా కాగితం మీద పెట్టాను.

పాలకొల్లు, 9 జూన్ 2025
(సంతకం) ముదునూరి సుబ్బాయమ్మ

సాక్షులు:
ప్రసన్నకుమార్
సత్యవాణి