సీతాబాయి మెస్ టేపులు

14 మార్చి 1997
మూసాపేట గదిలో ఫోన్ మోగుతూనే ఉంది. అమ్మ నటించిన 'సీతాబాయి మెస్' సీరియల్, ఇరవై ఆరు భాగాలు, మా కంపెనీకి అన్నం పెడుతోంది. నలభై ఊళ్ళ కేబుల్ వాళ్ళకు కాపీలు బస్సు పార్సిల్లో పంపాను. అమ్మ పోయి ఏడాది. రోజూ ఎక్కడో ఒక ఊళ్ళో టీవీలో వడ్డిస్తూనే ఉంది.

2 జూలై
బాలానగర్ కేబుల్ పెంటయ్య మా టేపు అడక్కుండా రెండోసారి వేశాడు, కింద చికెన్ షాపు నంబర్ యాడ్ టేపు మీదే ఎక్కించి. వెళ్ళి అతని పనివాళ్ళ ముందే దొంగ అన్నాను. జర తప్పయింది వాసంతి మేడం, మా అమ్మ మల్లొక్కసారి చూస్తనన్నది అన్నాడు. వినలేదు. ఆ రోజే రూల్ పెట్టాను. షో అవగానే కాపీ చెరిపెయ్యాలి. అందరిచేతా సంతకాలు తీసుకున్నాను.

19 డిసెంబర్ 1998
హైటెక్ సిటీలో అద్దాల ఆఫీసు. అన్నయ్య ఉదయ్ భాస్కర్ కార్డు మీద ఎం.డి. అని కొట్టించుకున్నాడు. మూడు రోజుల ఓపెనింగ్, నాలుగు కెమెరాలు. నాకు బొకేలు అందుకునే డ్యూటీ.

8 ఫిబ్రవరి 1999
శాటిలైట్ ఛానల్ సీరియల్ మొత్తం తీసుకుంటోంది! ఎల్లుండి అసలైన మాస్టర్ టేపులు ఇవ్వాలి.

9 ఫిబ్రవరి, ఉదయం 11
బీరువాలోంచి ఒక టేపు తీసి వేశాను. అన్నయ్య రిబ్బన్ కట్ చేస్తున్నాడు. ఇంకొకటి. అన్నయ్య దీపం వెలిగిస్తున్నాడు. మూడోది. కేటరింగ్ వాళ్ళు.

సాయంత్రం
ఇరవై ఆరూ పోయాయి. ఓపెనింగ్‌లో ఖాళీ టేపులు అయిపోతే బీరువాలో పాతవి వాడమన్నాడట అన్నయ్య. ఊళ్ళల్లో కాపీలున్నాయి కదమ్మా, తెప్పించేద్దాం, టెన్షన్ ఎందుకు అంటాడు. అమ్మ మొహం మీద లంచ్ షూట్ చేయించావురా అని అరిచాను. అన్నయ్యను రా అనడం ఇదే మొదలు. అమ్మ కదలడం, మాట్లాడడం ఇంకెక్కడా లేదు. ఇంట్లో ఉన్నది ఒక్క ఫోటో.

23 ఫిబ్రవరి
నలభై ఊళ్ళకూ ఫోన్లు చేశాను, పెంటయ్యకు తప్ప. దొంగను ఏం అడుగుతాం. అందరిదీ ఒకటే జవాబు. మీరు చెప్పినట్టే చెరిపేశామండి. ఇంత నిజాయితీపరులని తెలిస్తే రూలే పెట్టేదాన్ని కాదు. అన్నయ్యను తిడదామంటే నోరు రావట్లేదు.

30 మార్చి
ఛానల్ వద్దంది. ఆఫీసు ఖాళీ చేశాం. బోర్డు దించుతుంటే, దీన్ని కూడా వీడియో తీయించమంటావా అని అన్నయ్యను అడిగాను.

11 ఏప్రిల్
పెంటయ్యే మూసాపేట వచ్చాడు, సంచిలో ఒక టేపుతో. సంతకం పెట్టిన గని చెరపబుద్ధి కాలే మేడం, మా అమ్మ ఉన్నన్ని దినాలు గిదే చూసింది, ఇగ కేసు పెడ్తరా మీ ఇష్టం అన్నాడు. కూర్చోమని కూడా అనలేకపోయాను. ఏడుపొచ్చింది.
ఏడో భాగం. అమ్మ అన్నం వడ్డిస్తోంది. కింద చికెన్ షాపు నంబర్ పోతూ ఉంది.

12 ఏప్రిల్
చికెన్ షాపు నంబర్ నోటికొచ్చేసింది.